బొమ్మ అడుగున లేని పేరు

సెలవు మీద ఊరికి బయల్దేరే ముందు మనవాళ్లు చేసే ఆఖరి షాపింగులో పిల్లల బొమ్మలు ఉండాల్సిందే. దుప్పట్లు, అత్తరు, పాలపొడి డబ్బాలు కట్టేశాక అట్టపెట్టెలో ఏ మూల చోటు మిగిలితే ఆ మూల ఒక సింహం, ఒక గుర్రం, కత్తి పట్టిన వీరుడు సర్దుకుంటారు. దుబాయ్ డ్రాగన్ మార్ట్‌లో కొన్నా, సౌదీలో రెండు రియాళ్ల దుకాణంలో కొన్నా బొమ్మను తిరగేసి చూస్తే అడుగున తరచుగా కనిపించే మాట ఒక్కటే: చైనాలో తయారైంది. కాస్త ఖరీదైన బొమ్మయితే పెట్టె మీద ఇంకో మాట గొప్పగా అచ్చేసి ఉంటుంది: చేతితో రంగులు వేసినది.

ఎవరి చేతితో? ఈ ప్రశ్న అడగాల్సిన వాళ్లలో మనం ముందుండాలని మా అభిప్రాయం. ఎందుకంటే ఆ చేతులు కూడా వలస వచ్చినవే.

షోకేసులో దాచుకునే చిన్న బొమ్మల వ్యాపారం ఇప్పుడు చిన్నదేమీ కాదు. జర్మనీకి చెందిన ష్లైక్ కంపెనీ జంతువుల బొమ్మలకు యూరప్‌లో తరాల అభిమానులున్నారు. నమూనాలు గీసేది జర్మనీలో, తయారీ ఎక్కువగా చైనా వంటి దేశాల్లో. ఈ మధ్య కుర్రకారు క్యూలు కట్టి కొన్న లబుబు బొమ్మలదీ అదే దారి. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో డాంగ్వాన్ అనే నగరం ఉంది. బొమ్మల ఫ్యాక్టరీలే అక్కడ 4,000కు పైగా ఉన్నాయని అక్కడి అధికారులు చెబుతారు. ఇప్పుడు కొంత పని వియత్నాంకు కూడా తరలుతోంది. పని ఎటు చవకైతే అటు పోవడం ఈ పరిశ్రమకు పాత అలవాటే. 1893లో లండన్‌లో విలియం బ్రిటన్ లోపల బోలుగా ఉండే సీసపు సైనికుల్ని పోతపోయడం కనిపెట్టాడు. తర్వాతి కాలంలో జపాన్, ఆపైన హాంకాంగ్, 1980ల నుంచి గ్వాంగ్‌డాంగ్. ఊళ్లు మారాయి గానీ కుంచె పట్టుకున్నది మాత్రం ఎక్కువగా ఆడవాళ్లే.

పని జరిగే తీరు కొంచెం చెప్పుకోవాలి. ముందు శిల్పి మైనంతోనో కంప్యూటర్ మీదనో నమూనా చేస్తాడు. దాని నుంచి ఉక్కు అచ్చు తయారవుతుంది. కరిగిన ప్లాస్టిక్ అందులోకి పోయి గట్టిపడితే రంగులేని బొమ్మ బయటకొస్తుంది. అక్కడి దాకా యంత్రం పని. ఆ తర్వాత పొడుగాటి బల్లల వెంట వరసగా కూర్చున్న మనుషుల పని. పెద్ద మచ్చలు, చారలు వేయాలంటే బొమ్మ ఒంటికి సరిపోయేలా చేసిన రేకు తొడుగు బిగించి, కావలసిన చోట మాత్రమే రంగు చిమ్ముతారు. కళ్లు చాలావరకు మెత్తటి సిలికాన్ దిండుతో ముద్ర గుద్దినట్టు వేస్తారు. డెక్క, పెదవి, బెల్టు మీది బకిల్ లాంటివి సన్న కుంచెతోనే వేయాలి. ఒక మనిషి మొత్తం బొమ్మకు రంగు వేయదు. ఒకామె పొద్దుటి నుంచి రాత్రి దాకా గుర్రం డెక్కలే వేస్తుంది, పక్కనామె జూలు మాత్రమే. డిజైన్లు కొన్ని నెలలకే మారిపోతాయి కాబట్టి ఆ పని చేసే యంత్రం కొనడం కంటే మనిషిని కూర్చోబెట్టడమే యజమానికి లాభం.

ఆ మనిషి ఎక్కణ్నుంచి వచ్చింది? హునాన్, సిచువాన్ లాంటి లోపలి రాష్ట్రాల పల్లెల నుంచి. సొంత దేశంలోనే ఉన్నా పేరు మాత్రం పుట్టిన ఊరి పట్టీలోనే ఉంటుంది. దాని పేరు హుకౌ. అందువల్ల పని చేసే పట్నంలో బిడ్డను సర్కారు బడిలో వేయడం కష్టమై చాలామంది అమ్మమ్మ, నాయనమ్మల దగ్గర వదిలి వస్తారు. ఉండేది కంపెనీ గదుల్లో, బంకు మంచాల మీద. డాంగ్వాన్‌లో 2025 మార్చి నుంచి కనీస వేతనం నెలకు 2,080 యువాన్లు. దాంతో ఇల్లు గడవదు గనక అందరూ ఓటీ కోసం చూస్తారు. చైనా కార్మిక చట్టం నెలకు 36 గంటలకు మించి ఓటీ వద్దంటుంది. ఆర్డర్లు ముంచుకొచ్చే సీజన్లో ఆ అంకె కాగితం మీదే ఉంటుంది. క్యాంపులో ఉండే మనకు ఇదంతా విడమరిచి చెప్పక్కర్లేదు.

1993లో రెండు ఘోరాలు జరిగాయి. మే 10న థాయ్‌లాండ్‌లో కాదర్ బొమ్మల ఫ్యాక్టరీ తగలబడి 188 మంది చనిపోయారు. నవంబర్ 19న చైనాలోని షెన్‌జెన్‌లో జిలి బొమ్మల ఫ్యాక్టరీ మంటల్లో 87 మంది. ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలే. సరుకు దొంగిలిస్తారేమోనని తలుపులకు తాళాలు, షెన్‌జెన్‌లో కిటికీలకు ఇనుప ఊచలు కూడా. తర్వాత జిలి కార్మికుల ఉత్తరాలు కొన్ని దొరికితే పరిశోధకులు వాటిని చదివారు. జీతం ఎంత, తిండి ఎలా ఉంది, పక్క ఫ్యాక్టరీలో ఏమన్నా ఎక్కువిస్తున్నారా, ఇల్లు గుర్తొస్తోంది, ఇవే ఆ ఉత్తరాల్లో ఉన్నది. ఫోన్లు లేని రోజుల్లో మనం ఇంటికి రాసిన ఉత్తరాలకూ వాటికీ తేడా పేర్లలో తప్ప కనపడదు.

2007లో ఇంకో గొడవ వచ్చింది. పెద్ద పెద్ద కంపెనీల బొమ్మల రంగుల్లో సీసం ఉందని తేలి లక్షల బొమ్మల్ని వెనక్కి తీసుకున్నారు. అమెరికా వెంటనే కదిలింది. 2008 చట్టంతో రంగులో సీసం హద్దును పది లక్షల భాగాల్లో 600 నుంచి 90కి తగ్గించింది. గల్ఫ్ దేశాలు 2014 నుంచి బొమ్మలకు జీ-మార్క్ తప్పనిసరి చేశాయి. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బీఐఎస్ ముద్ర ఉండాలి. ఇవన్నీ మంచివే, కొనేటప్పుడు మీరూ చూడండి. నోట్లో పెట్టుకునేది మన పిల్లలు కదా.

కానీ ఒకటి గమనించండి. ఈ ముద్రలన్నీ బొమ్మను నోట్లో పెట్టుకునే బిడ్డ కోసం. అదే రంగును, అదే థిన్నర్ వాసనను రోజుకు పది గంటలు పీల్చే మనిషి కోసం బొమ్మ అడుగున ఒక్క ముద్రా లేదు. పరిశ్రమ తనంతట తాను 2004లో తనిఖీల పథకం ఒకటి పెట్టుకున్న మాట నిజమే. కంపెనీలే నడిపే తనిఖీ ఎంత గట్టిగా ఉంటుందో సూపర్వైజర్ చెప్పగానే క్యాంపు కడిగించి, కొత్త దుప్పట్లు పరిపించి, ఇన్‌స్పెక్షన్ కాగానే తీసేసుకోవడం చూసిన వాళ్లకు తెలుసు.

పేరు అచ్చేయడం అసాధ్యమేమీ కాదు. 2013లో ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా బట్టల కార్మికులు చనిపోయాక చాలా బట్టల కంపెనీలు తమకు కుట్టిపెట్టే ఫ్యాక్టరీల పేర్లు, చిరునామాలు బయటపెట్టాయి. వాళ్ల వ్యాపారం ఏమీ మునిగిపోలేదు. బొమ్మల కంపెనీలన్నీ ఆ పని ఎందుకు చేయకూడదు? మన కొండపల్లిలో తెల్ల పొణికి కర్ర చెక్కి, చింతగింజల ముద్దతో అతికి, రంగులు వేసే ఇంటికి నేరుగా వెళ్లి మనిషితో మాట్లాడి కొనుక్కోవచ్చు. అక్కడా ఆ పని మీద బతుకు గడవక పిల్లలు వేరే దారులు చూసుకుంటున్నారు, అది వేరే కథ. కనీసం ఎవరు చేశారో తెలుస్తుంది.

పేరున్న కంపెనీ బొమ్మల పెట్టె మీద కస్టమర్ కేర్ ఈమెయిల్ ఉంటుంది. ఈసారి బొమ్మ కొన్నప్పుడు రెండు ముక్కలు రాయండి. దీనికి రంగులు ఏ ఊళ్లో, ఏ ఫ్యాక్టరీలో వేశారు, ఆ ఫ్యాక్టరీలో తలుపులు లోపలి నుంచి తెరుచుకుంటాయా అని అడగండి. వచ్చిన జవాబు మాకు పంపితే ఈ పేజీలో వేస్తాం. జవాబు రాకపోతే ఆ సంగతీ వేస్తాం.