పట్టాతో ఆగిపోతున్న సాయం

2007 నాటి చట్టం వెనుకబడిన ముస్లిం తరగతులకు బి.సి.-ఇ విభాగం కింద 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ తోడైంది. ఈ రెండింటి పుణ్యమా అని రాయలసీమలో ఎన్నో ముస్లిం ఇళ్లు తమ వంశంలో మొదటి ఇంజనీరును చూశాయి. నంద్యాలలో రాజీవ్ గాంధీ మెమోరియల్ ఇంజనీరింగ్ కళాశాల 1995 నుంచి ఉంది, తరువాత మరికొన్ని వచ్చాయి. ఆళ్లగడ్డ పిల్లలు కడప–కర్నూలు రహదారి మీద బస్సెక్కి వచ్చి నంద్యాలలో చదువుకుంటున్నారు. కుట్టుమిషను మీదా, పండ్ల బండి మీదా, మెకానిక్ షెడ్డు మీదా నడిచే కుటుంబాలవి. పట్టా చేతికి వచ్చిన రోజున ఇంట్లో స్వీట్లు పంచుతారు. ప్రభుత్వ సాయం, సమాజం సాయం రెండూ ఆ రోజుతోనే ముగిసిపోతున్నాయి. నా ఫిర్యాదు ఇక్కడే.

ఎందుకంటే ఐ.టి. ఉద్యోగంలో అసలైన మెట్టు మూడు నాలుగేళ్ల తరువాత వస్తుంది. కోడు రాసే స్థానం నుంచి బృందాన్ని నడిపించే స్థానానికి వెళ్లాలంటే అనుభవంతోపాటు అజైల్ ప్రాజెక్టు నిర్వహణలో సర్టిఫికెట్ ఉందా అని చాలా కంపెనీలు అడుగుతున్నాయి. హైదరాబాదు, బెంగళూరు నగరాల్లో ఇంజనీర్ల ఇళ్లలో పుట్టిన పిల్లలకు ఈ సంగతి భోజనాల దగ్గరే తెలిసిపోతుంది. మన పిల్లలకు చెప్పేవారు లేరు.

అజైల్ అంటే ఏమిటో ఆళ్లగడ్డవారికి చెప్పడానికి రాతి ఉదాహరణ చాలు. ఆళ్లగడ్డ శిల్పి ఉలి పట్టకముందే విగ్రహం కొలతలన్నీ తేల్చుకుంటాడు. చెక్కిన రాయి మళ్లీ అతుక్కోదు. చాలాకాలం సాఫ్ట్‌వేరును కూడా ఇదే తీరున కట్టారు. ముందు సమస్తం రాసుకోవడం, ఏడాదో రెండేళ్లో కట్టడం, చివరికి చూపించడం. కానీ సాఫ్ట్‌వేరు రాయి కాదు, మార్చుకోవచ్చు. పైగా అడిగినవాడి అవసరమే మధ్యలో మారిపోతుంది. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది నిపుణులు కూర్చుని, పనిని చిన్న భాగాలుగా చేసి, ప్రతి భాగాన్నీ వాడేవారికి చూపి, వారి మాట విని దిద్దుకుంటూ సాగాలన్న ధోరణికి ‘అజైల్’ అని పేరు పెట్టి ఒక ప్రకటన రాశారు. అందులో ఎక్కువ వాడుకలో ఉన్న పద్ధతి స్క్రమ్: నెలకు మించని గడువులు, రోజూ 15 నిమిషాల సమావేశం. ఇంత సాదా సంగతికి ఇన్ని పరీక్షలెందుకని పెద్దలు అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. అయినా తలుపు దగ్గర కాపలావాడు చీటీ అడిగినంతకాలం చీటీ ఉండాలి.

ఏ చీటీ అన్నదే ముఖ్యం. శిక్షణ కేంద్రాల ప్రకటనలు చూసి నిర్ణయించుకుంటే డబ్బు పోతుంది. స్క్రమ్ అలయన్స్ ఇచ్చే సి.ఎస్.ఎం. కావాలంటే వారి గుర్తింపు పొందిన శిక్షకుని తరగతికి వెళ్లి తీరాలి, ఆపైన రెండేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. స్క్రమ్.ఆర్గ్ సంస్థ పి.ఎస్.ఎం. మొదటి స్థాయికి తరగతి తప్పనిసరి కాదు. 60 నిమిషాల్లో 80 ప్రశ్నలు, 85 శాతం రావాలి. రుసుము 200 డాలర్లు, అంటే 17,000 రూపాయలకు అటూ ఇటూ. ఒకసారి నెగ్గితే గడువు లేదు, పునరుద్ధరణ రుసుమూ లేదు. చదవవలసిన స్క్రమ్ గైడ్ ఉచితం, 2020 నాటి కూర్పు పదిహేను పుటలకు మించదు. నంద్యాల నుంచి తొలి అడుగు వేసే యువకునికి, యువతికి నేను దీన్నే సూచిస్తాను. వేలకు వేలు పోసి కోచింగులో చేరవలసిన పరీక్ష ఇది కాదు.

పి.ఎం.ఐ. సంస్థ 2011లో మొదలుపెట్టిన పి.ఎం.ఐ.-ఎ.సి.పి. దీనికంటే బరువైనది. దానికి శిక్షణ గంటలు చూపాలి, అజైల్ బృందాల్లో పనిచేసిన అనుభవం చూపాలి. మన పిల్లలు జారిపడే చోటు ఇదే. లేని అనుభవానికి ఉత్తరం తయారుచేసి ఇస్తామనే కన్సల్టెన్సీలు హైదరాబాదులో కొరత లేకుండా ఉన్నాయి. పి.ఎం.ఐ. కొన్ని దరఖాస్తులను తనిఖీకి తీసుకుని, పనిచేసిన చోటి పెద్దల ధ్రువీకరణ అడుగుతుంది. దొరికితే దరఖాస్తు పోవడంతో ఆగదు, పేరు కూడా పోతుంది. దొరకకపోయినా అది అబద్ధమే. అమానత్ గురించి జుమా ఖుత్బాలో వినే మనకు ఇది వేరేగా చెప్పనక్కరలేదు. రెండేళ్లు ఆగి నిజమైన అనుభవంతో దరఖాస్తు పెట్టడమే మేలు.

పైకి చిన్నదిగా కనిపించే మరో చిక్కు పేరు. పరీక్ష దరఖాస్తులోని పేరు గుర్తింపు కార్డులోని పేరుతో సరిపోవాలి. మన ఇళ్లలో పదో తరగతి మెమోలో ‘ఎస్.’ అన్న అక్షరం, ఆధార్‌లో ‘షేక్’, పాస్‌పోర్టులో మరో వర్ణక్రమం. మహమ్మద్ అన్న ఒక్క పేరు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో పాఠకులకు తెలుసు. డాలర్లు కట్టాక పరీక్ష రోజున ఇది బయటపడితే ఆ వేదన ఎవరికీ వద్దు. ఇంటర్ చదివేటప్పుడే కాగితాలన్నీ ఒక్క తీరుకు తెచ్చుకోండి.

ఇంట్లోనే కూర్చుని పరీక్ష రాయవచ్చని పి.ఎం.ఐ. చెబుతుంది. గదిలో మరొకరు అడుగుపెట్టకూడదు, బల్ల మీద ఏమీ ఉండకూడదు, ఇంటర్నెట్ ఆగకూడదు, కెమెరా ముందు కదలకుండా కూర్చోవాలి. రెండు గదుల ఇంట్లో ఆరుగురు బతికేవారికి ఈ సౌకర్యం సౌకర్యమేనా? షాదీఖానాలు కట్టుకున్నాం. వాటిలో ఒక్క గదికి తలుపు, బల్ల, ఇన్వర్టరు, మంచి ఇంటర్నెట్ పెట్టడానికి అయ్యే ఖర్చు ఒక వలీమా విందులో వృథా అయ్యే బిర్యానీ ఖర్చుకు దగ్గరగా ఉంటుందని నా అంచనా.

ఇక నిలబెట్టుకోవడం. పి.ఎం.ఐ.-ఎ.సి.పి. మూడేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. అందుకు 30 పి.డి.యు.లు, అంటే 30 గంటల అభ్యాసం చూపి రుసుము కట్టాలి. 36 నెలల్లో 30 గంటలంటే నెలకు గంట కూడా కాదు. ఉచితంగా దొరికే ఉపన్యాసాలతోనే చాలావరకు పూర్తిచేయవచ్చు. కష్టం గంటల్లో లేదు, గుర్తుంచుకోవడంలో ఉంది. గడువు దాటితే ఏడాదిపాటు సర్టిఫికెట్ నిలిపివేతలో ఉంటుంది, ఆ కాలంలో దాన్ని పేరు పక్కన వాడుకోరాదు. ఆ ఏడాదీ గడిస్తే రద్దయిపోతుంది, మళ్లీ మొదటి నుంచీ పరీక్ష. ఈ దెబ్బ ఎక్కువగా తగిలేది మన ఆడపిల్లలకు. నికా, కాన్పు, పసిబిడ్డ, అత్తవారి ఊరు: ఈ నాలుగింటి మధ్య మూడేళ్లు ఎంతలో గడుస్తాయి? తిరిగి ఉద్యోగానికి వెళ్లదలచిన రోజున చేతిలో బతికున్న సర్టిఫికెట్ ఉన్న కోడలికీ, లేని కోడలికీ తేడా ఎంతో ఉంటుంది. నెలకొక గంట ఆమెకు విడిచిపెట్టడం భర్తకు, అత్తగారికి భారం కాకూడదు.

అంతమాత్రాన సర్టిఫికెట్ ఉద్యోగానికి పూచీ అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. 2023 జనవరిలో అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకు 1,100కు పైగా అజైల్ ఉద్యోగాలను ఒక్కసారిగా తీసివేసింది. సమావేశాలు నడపడం తప్ప వేరే పని రానివారి కాలం గట్టిది కాదు. కోడింగో, టెస్టింగో, బ్యాంకింగ్ వ్యవహారమో ఒక పని బాగా వచ్చినవారికే ఈ కాగితం బలాన్నిస్తుంది. అందుకే అప్పుచేసి, అందులోనూ వడ్డీకి తెచ్చి, చదువు ముగిసీ ముగియకముందే దీని వెంట పరుగెత్తవద్దంటున్నాను.

మరి రుసుము ఎవరు కట్టాలి? 2024 జూన్ నుంచి రాష్ట్ర మైనారిటీ సంక్షేమ శాఖ నంద్యాల శాసనసభ్యులు ఎన్.ఎం.డి. ఫరూఖ్ గారి చేతిలో ఉంది. మైనారిటీల ఆర్థిక సంస్థ ద్వారా, ఉత్తీర్ణులైన వారికి పరీక్ష రుసుము తిరిగి చెల్లించే చిన్న పథకం ఒకటి వారి సొంత జిల్లాలోనే మొదలుపెట్టమని కోరుదాం. నెగ్గినవారికే చెల్లింపు కనుక దుర్వినియోగానికి చోటు తక్కువ. శిక్షణ కేంద్రాలకు కాక అభ్యర్థి ఖాతాకే డబ్బు వెళ్లాలి, పునరుద్ధరణ రుసుమూ అందులో చేరాలి. ప్రభుత్వం కదిలేదాకా మస్జిద్ కమిటీలు, అంజుమన్‌లు కర్జె హసనాగా ఇవ్వవచ్చు. జకాత్ సొమ్ము ఇందుకు వాడవచ్చా అన్నది ఉలమాలు తేల్చాలి. 17,000 రూపాయల కర్జె హసనా, నెలకు 1,500 చొప్పున ఏడాదిలో తిరిగి వస్తుంది, మరొకరికి వెళుతుంది. ఒక పేటలో పదిమంది ఉద్యోగులు కలిస్తే ఈ నిధి మొదలవుతుంది. ఇప్పటికే బెంగళూరులో, గల్ఫులో స్థిరపడిన నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లలను వచ్చే ఈద్‌కు ఊరు వచ్చినప్పుడు మొదట అడగవలసింది ఇదే.