పిల్లల చేతిలో ఫోను: చట్టం అండ ఉన్నా ఇంటి భయమే అడ్డంకి

జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో ఎన్నో కుటుంబాల పెద్దలు ఉపాధికై గల్ఫ్ దేశాలలో ఉంటున్నారు. సిరిసిల్లలో తండ్రి మరమగ్గాల వద్ద, తల్లి బీడీలు చుట్టే పనిలో ఉండే ఇళ్లూ తక్కువేమీ కావు. దూరాన ఉన్నవారితో మాట్లాడేందుకు కొన్న స్మార్ట్‌ఫోన్, 2020 సెప్టెంబరు 1న ప్రభుత్వ పాఠశాలలకు టీవీ, ఫోన్ల ద్వారా పాఠాలు ప్రారంభమైన తరువాత పిల్లల చేతికి చేరింది. ఆ పాఠాలు ముగిసినా ఫోను వారి వద్దనే ఉండిపోయింది.

అపరిచితులు స్నేహం నటించి ఫొటోలు రాబట్టడం, ఆపై వాటితో బెదిరించడం ఈ నేరాల తీరు. బాలల అశ్లీల దృశ్యాలను ప్రచురించినా, పంపినా సమాచార సాంకేతిక చట్టంలోని 67-బి సెక్షన్ క్రింద తొలి నేరానికే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. చట్టం కఠినమైనదే. అయితే ఫోను లాక్కుంటారన్న భయం బిడ్డది, పరువు పోతుందన్న భయం తల్లిది.

తల్లి భయానికి 2012 నాటి పోక్సో చట్టంలోనే సమాధానం ఉంది. బాధిత బాలల పేరు, చిరునామా, పాఠశాల వివరాలు పత్రికలలో వెల్లడించరాదు. వాంగ్మూలాన్ని వారి ఇంటి వద్దనే, వీలైనంతవరకు ఎస్.ఐ. స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా నమోదు చేయాలి. ఈ నిబంధనలకు దక్కవలసినంత ప్రచారం దక్కలేదు.

బిడ్డ భయాన్ని మాత్రం ఇంటివారే తీర్చాలి. బెదిరించినవారికి సొమ్ము చెల్లించకుండా, సంభాషణలు చెరిపివేయకుండా 1098కి గానీ 1930కి గానీ ఫోన్ చేయవచ్చు. బాలల అశ్లీల దృశ్యాలపై జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో పేరు తెలుపకుండా కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు.