సండే స్కూల్‌కు పంపితే తీరే బాధ్యత కాదు

కామారెడ్డి జిల్లా బాన్సువాడ చుట్టుపక్కల క్రైస్తవ కుటుంబాల్లో ఒక నమ్మకం బలంగా పాతుకుపోయింది. పిల్లల్ని ఆదివారం సండే స్కూల్‌కు, ఎండాకాలం సెలవుల బైబిల్ బడికి (వీబీఎస్‌కు) పంపి, మంచి హాస్టల్లో సీటు దొరికించుకుంటే తల్లిదండ్రుల వంతు పూర్తయినట్టేనట. మంచిచెడ్డలు నేర్పడం పాస్టరు అయ్యగారి పని, టీచరు పని, వార్డెన్ పని. పిల్లవాడు దారి తప్పితే ముందు నిలదీసేది కూడా వాళ్లనే. ఈ నమ్మకానికి బైబిల్లో ఆధారం లేదు. ఆ గ్రంథం చెప్పే కథలన్నీ దీనికి ఎదురు సాక్ష్యమే.

ఇది ఎలా మొదలైందో అర్థం చేసుకోవచ్చు. మెతుకుసీమలో, ఇందూరు ప్రాంతంలో వెస్లియన్ మిషన్ పనిచేసిన నిజాం కాలంలో దళితవాడల్లో అక్షరం తెలిసిన ఇల్లు అరుదు. ఆ మిషన్‌కు చెందిన ఛార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో కూలీలకు పని చూపిస్తూ కట్టించిన మెదక్ చర్చిని 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు. అమ్మానాన్నలు చదవలేని గ్రంథాన్ని ఆ మిషన్ బళ్లు, బోర్డింగులు బిడ్డలకు చదివించాయి. అది అప్పటి అవసరం. ఆ అవసరం తీరిపోయినా అలవాటు మాత్రం పోలేదు. ఇవాళ బైబిలు ఇంటి అల్మారాలోనూ ఉంది, చేతిలోని ఫోన్‌లోనూ ఉంది.

ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయంలో బోధించే పని మోషే యాజకులకు అప్పగించి ఊరుకోలేదు. ఇశ్రాయేలులో ప్రతి ఇంటికీ అప్పగించాడు. ఇంట్లో ఉన్నా, దారిన పోతున్నా, పడుకునే ముందైనా, పొద్దున లేవగానే అయినా పిల్లలతో దేవుని మాటలు మాట్లాడాలన్నాడు. వారానికి ఒక గంట అనలేదు.

ఏలీ కథ ఇంకా సూటిగా ఉంటుంది. అతను షిలోహు మందిరంలో యాజకుడు. కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు కూడా ఆ మందిరంలో యాజకులే. అంతకంటే దైవసన్నిధికి దగ్గరి చోటు ఆ రోజుల్లో లేదు. అయినా వాళ్లు భక్తులు తెచ్చిన బలిమాంసాన్ని దౌర్జన్యంగా లాక్కున్నారు, గుడారపు వాకిట సేవచేసే స్త్రీలతో తప్పుగా నడిచారు. ఏలీ ముసలితనంలో నాలుగు మాటలు మందలించి ఊరుకున్నాడు. అడ్డుకోలేదన్నదే దేవుడు అతని మీద మోపిన నేరం.

హన్నా తన చిన్నారి బిడ్డ సమూయేలును ఆ మందిరంలోనే వదిలింది కదా, అతను ప్రవక్త కాలేదా అని కొందరు వాదిస్తారు. అయ్యాడు. కానీ మందిరం ఒక్కటే చాలితే ఏలీ కొడుకులూ బాగుపడాలి. హన్నా పాలు మాన్పించేదాకా బిడ్డను తన దగ్గరే ఉంచుకుంది. ఆ తర్వాత ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లింది. బిడ్డను అప్పగించింది గానీ, తల్లి పని మానుకోలేదు.

దావీదు అంతటి రాజు కూడా కొడుకు అదోనీయాను నీవెందుకిలా చేశావని ఒక్కసారైనా అడగలేదని రాజుల మొదటి గ్రంథం నమోదు చేసింది. ఆ కొడుకే చివరికి తండ్రి బతికుండగానే సింహాసనం మీద కన్నేశాడు.

పిల్లలు ఎలా తయారైనా నేరమంతా పెద్దలదే అని ఇక్కడ వాదన కాదు. ప్రవక్త అయిన ఆ సమూయేలు కొడుకులు కూడా బెయేర్షెబాలో న్యాయాధిపతులై లంచాలు తిన్నారు. ఎవరి పాపానికి వాళ్లే జవాబుదారులని యెహెజ్కేలు 18వ అధ్యాయం తేల్చింది. ఫలితం తల్లిదండ్రుల చేతిలో లేకపోవచ్చు, ప్రయత్నం మాత్రం వాళ్లదే.

ప్రయత్నం అనగానే బెత్తం తీసేవాళ్లున్నారు. సామెతల గ్రంథం బెత్తాన్ని ప్రస్తావించిన మాట నిజమే. పిల్లలకు కోపం పుట్టించవద్దని, వాళ్ల మనసు కుంగదీయవద్దని పౌలు తండ్రులను ప్రత్యేకంగా హెచ్చరించిన మాటా అంతే నిజం. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. టీచరు చేయకూడని పనిని తండ్రి భక్తి పేరుతో ఇంట్లో చేయడం తగదు.

తీరిక లేదన్న మాటలో నిజముంది. కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల పల్లెల్లో ఎందరో తండ్రులు గల్ఫ్‌లో ఉన్నారు. తల్లులు బీడీలు చుట్టి, నాట్లకు పోయి ఇల్లు నడుపుతున్నారు. వాళ్లకు ఆదర్శంగా బైబిల్లో పౌలు శిష్యుడు తిమోతి ఇల్లు ఉంది. తండ్రి గ్రీసు దేశస్థుడు. అతని విశ్వాసం గురించి ఒక్క మాటా లేదు. బిడ్డ విశ్వాసానికి మూలంగా పౌలు పేర్కొన్నది అమ్మమ్మ లోయిని, తల్లి యునీకేను.

కాబట్టి సండే స్కూల్ మాన్పించాల్సిన పని లేదు, హాస్టల్ ఖాళీ చేయించాల్సిన పని లేదు. రాత్రి అన్నాల దగ్గర పిల్లలతో మాట్లాడండి. తప్పు చేస్తే ఎందుకు చేశావని అడిగి, జవాబు పూర్తిగా వినండి. దుబాయి నుంచి ఐమోలో మాట్లాడే తండ్రులూ మార్కులతో పాటు ఆ మాటా అడగండి. ఈ పని మీది. అయ్యగారు మీకు సాయం చేయగలరు, మీ బదులు చేయలేరు.