నవ్వుకూ వాదానికీ ఒక హద్దు

లోయర్ ట్యాంక్ బండ్ నుంచి అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ వీధుల్లోకి అడుగుపెడితే నగరంలో మరెక్కడా అంతగా కనబడని ఒక జీవనం మన కంటబడుతుంది. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన యువతీ యువకులు ఇక్కడ ఇరుకు గదుల్లో అద్దెకుంటూ, కోచింగ్ కేంద్రాలకు వెళుతూ, చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో పుస్తకాల ముందు కూర్చుంటూ ప్రభుత్వోద్యోగం కోసం పరిశ్రమిస్తుంటారు. వారిలో మన ఇళ్ల పిల్లలూ ఉన్నారు. సాయంత్రం టీ బండి దగ్గర వారు సేదదీరే వేళ చరిత్ర, అర్థశాస్త్రాల చర్చ ముగియగానే మాట ఫోన్ల మీదికి మళ్లుతుంది. ఆండ్రాయిడ్ మేలా, ఐఫోన్ మేలా? విండోస్ వాడేవాడు తెలివైనవాడా, లినక్స్ వాడేవాడు తెలివైనవాడా? కృత్రిమ మేధలో ఎవరి యంత్రం గొప్పది? గదికి చేరాక అదే వాదం ఫోన్ తెరల మీద అర్ధరాత్రి దాకా సాగుతుంది.

ఈ వాదాలతో పాటే వీరికి తమదైన హాస్యమూ ఉంది. యంత్రం మొరాయించిందని ఎవరైనా మొరపెట్టుకుంటే, "ఒకసారి ఆపి మళ్లీ వేసి చూశారా?" అని అడగడం వారిలో ఏనాటికీ పాతబడని ఛలోక్తి. ఇందులో తప్పేమీ లేదు. చదువు బరువుతో అలసిన మనసుకు నాలుగు నవ్వులు కావలసిందే. అయితే నవ్వు ఎక్కడ ఆగాలి, వాదం ఎక్కడ ముగియాలి అన్న విషయంలో మన పిల్లలకు మనం ఏమైనా చెబుతున్నామా? ఈ నెల మనం ఆలోచించవలసింది దీని గురించే.

సాంకేతిక ప్రియుల తగవులు నేటివి కావు. 1980లో కంప్యూటర్ శాస్త్రవేత్తల మధ్య ఒక విచిత్రమైన వివాదం నడిచింది. ఒక సంఖ్యను కంప్యూటర్ తనలో భద్రపరచుకునేటప్పుడు పెద్ద స్థానం ముందు ఉండాలా, చిన్న స్థానం ముందు ఉండాలా అన్నదే ఆ వివాదం. రెండు పద్ధతుల్లోనూ లెక్క సరిగానే వస్తుంది. అయినా ఇరుపక్షాలూ పట్టు విడవలేదు. ఆ ఏడాది ఏప్రిల్ 1న డానీ కోహెన్ అనే శాస్త్రవేత్త ఈ తగవును పవిత్ర యుద్ధంతో పోలుస్తూ, శాంతిని వేడుకుంటూ ఒక పత్రం రాశారు. గుడ్డును పెద్ద కొన వైపు పగలగొట్టాలా, చిన్న కొన వైపు పగలగొట్టాలా అని పోట్లాడుకునే జనం కథ ఒకటి జోనాథన్ స్విఫ్ట్ రచన 'గలివర్స్ ట్రావెల్స్'లో ఉంది. కోహెన్ ఆ కథలోని పేర్లనే ఈ రెండు పక్షాలకూ పెట్టారు. ఏ పద్ధతి అన్నదాని కంటే అందరూ ఒక పద్ధతి మీద అంగీకారానికి రావడమే ముఖ్యమన్నది ఆయన మాటల సారం. ఆ పేర్లు నేటికీ కంప్యూటర్ పాఠాల్లో నిలిచి ఉన్నాయి. ఆ పాఠాలు చదివినవారి తగవులు కూడా నిలిచే ఉన్నాయి!

హాస్యం వల్ల వచ్చిన చిక్కూ పాతదే. 1982లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ల ద్వారా సందేశాలు పంపుకునే కొందరు, కిందికి పడిపోతున్న లిఫ్టులో పాదరసపు బొట్టు ఏమవుతుందన్న ప్రశ్న మీద సరదాగా చర్చించుకున్నారు. ఒకరు తమాషాకు, ఫలానా లిఫ్టులో పాదరసం ఒలికిందని హెచ్చరిక రాశారు. కొందరు దానిని నిజమైన ప్రమాద సూచనగా భావించారు. ముఖం కనబడదు, గొంతు వినబడదు. ఏది పరిహాసమో, ఏది నిజమో ఎలా తెలుస్తుంది? అప్పుడు స్కాట్ ఫాల్‌మన్ అనే ఆచార్యుడు సెప్టెంబర్ 19న ఒక సూచన చేశారు. రెండు చుక్కలు, ఒక అడ్డగీత, ఒక బ్రాకెట్ కలిపి పక్కకు వాలిన నవ్వు ముఖంలా రాస్తే, అది పరిహాసమని చదివేవారు గ్రహిస్తారన్నారు. నేడు మన పిల్లలు ప్రతి సందేశం చివరా పెట్టే నవ్వు ముఖాలకు అది పూర్వరూపం. అంటే నవ్వు ముఖం గుర్తు పుట్టిందే ఎదుటివాడు భయపడకూడదని, అపార్థం చేసుకోకూడదని! ఈ సంగతి మనం గుర్తుంచుకోదగినది.

ఇక మన తెలుగు అక్షరానికే సంబంధించిన ఉదంతం ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతటా ఐఫోన్ వాడకందారులు ఒక వింత అనుభవానికి లోనయ్యారు. 'జ్ఞా' అనే తెలుగు అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో, అంటే కంటికి కనబడని ఒక సంకేతం నడుమ చేరిన రూపంలో, తెర మీదికి వస్తే ఆ సందేశాన్ని చూపే యాప్ మూతపడిపోయేది. మళ్లీ తెరిచినా అంతే. లోపం అక్షరానిది కాదు, ఆ అక్షరాన్ని గీయవలసిన సాఫ్ట్‌వేర్‌ది. యాపిల్ కంపెనీ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దానిని సరిదిద్దింది. మూడేళ్ల ముందు, 2015 మే నెలలో, అరబీ అక్షరాలు కలిసిన ఒక సందేశానికీ ఐఫోన్లు ఇలాగే తట్టుకోలేకపోయాయి.

సరిదిద్దేలోపు ఏం జరిగింది? ఈ సంగతి తెలిసిన కొందరు సాంకేతిక ప్రియులు ఆ కూర్పును స్నేహితులకు పంపి వినోదం చూశారు. కొందరు తమ పేరు పక్కనే దానిని చేర్చుకున్నారు. ఆ పేరు చూసిన పాపానికి ఎదుటివారి ఫోన్ చిక్కుల్లో పడేది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే కదా! జ్ఞానం అనే మాట మొదలయ్యేదే ఆ అక్షరంతో. అది ఇతరులను ఇబ్బంది పెట్టే ఆటవస్తువుగా మారడం తెలుగువారిగా మనకు నవ్వూ తెప్పిస్తుంది, బాధా కలిగిస్తుంది. అదే సమయంలో మరికొందరు సాంకేతిక నిపుణులు కూర్చుని, లోపం ఏ కూర్పులో వస్తుందో పరిశోధించి, బెంగాలీ వంటి ఇతర లిపుల్లోనూ ఆ ప్రమాదం ఉందని వివరించారు. తెలివితేటలు ఇరువురివీ ఒకటే. ఒకరు వాటితో ఇతరులను ఏడిపించారు, మరొకరు చిక్కు విప్పారు.

ఇస్లాం నవ్వును నిషేధించలేదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) తమ సహచరులతో పరిహాసమాడేవారు. ఒకసారి ఒక వ్యక్తి ప్రయాణానికి వాహనం కోరితే, ఆడ ఒంటె పిల్లను ఇస్తామన్నారు. పిల్లతో నేనేం చేసుకోను అని అతను తికమకపడ్డాడు. ప్రతి ఒంటే ఒక ఆడ ఒంటెకు పిల్లే కదా అని ప్రవక్త (స) వివరించారు. ఆ పరిహాసంలో అబద్ధం లేదు, అవమానం లేదు. కోరిన వాహనం దొరికింది, నవ్వూ దొరికింది. తాము పరిహాసంలోనూ సత్యమే పలుకుతామని ఆయన సహచరులకు చెప్పారు. జనాన్ని నవ్వించడం కోసం అబద్ధమాడేవాడికి వినాశం తప్పదని హెచ్చరించారు.

మరో సంఘటన అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఒక ప్రయాణంలో ఒక సహచరుడు నిద్రపోతుండగా, మరికొందరు ఆయన దగ్గరున్న తాడును తీసుకున్నారు. ఆయన ఉలిక్కిపడ్డారు. ఒక ముస్లిం మరో ముస్లింను భయపెట్టడం ధర్మసమ్మతం కాదని అప్పుడు ప్రవక్త (స) బోధించారు. పోయినది ఒక తాడు. భయపడినది ఒక్క క్షణం. అయినా ఆయన దానిని చిన్న విషయంగా వదిలేయలేదు. స్నేహితుడి ఫోన్ మూతపడేలా చేసి నవ్వుకోవడానికీ ఆ తాడుకూ ఎంత దూరం?

అశోక్‌నగర్ గదుల్లో ఈ మాట మరింత బరువైనది. అక్కడివారి ఆశలన్నీ ఒక ప్రకటన మీద ఆధారపడి ఉంటాయి. గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష 2022 అక్టోబర్‌లో జరిగి రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ జరిగి మళ్లీ రద్దయింది. చివరికి 2024 జూన్ 9న జరిగింది. అన్ని దెబ్బలు తిన్న అభ్యర్థి ముందు, పరీక్ష మళ్లీ వాయిదా పడిందంటూ అచ్చం అసలుదానిలా ఉండే నకిలీ ప్రకటన ఒకటి పెడితే ఏమవుతుంది? దానిని తయారుచేయడం తెలిసినవాడికి అయిదు నిమిషాల పని, ఒక తమాషా. చూసినవాడికి ఒక రాత్రి నిద్ర. ఊళ్లో పొలం కౌలుకిచ్చి డబ్బు పంపుతున్న తండ్రికి ఫోన్ చేసి ఏడ్చేంత దుఃఖం. "ఊరికే అన్నాను భాయ్" అనే సంజాయిషీ ఆ రాత్రిని వెనక్కి తేలేదు. ఏదైనా వార్త వస్తే నిజానిజాలు విచారించుకోమని, లేకుంటే తెలియకుండానే ఇతరులకు హాని చేసి పిదప పశ్చాత్తాపపడవలసి వస్తుందని దివ్యఖుర్ఆన్ హుజురాత్ సూరా 6వ ఆయతు హెచ్చరిస్తోంది. విచారించకుండా పంపడమే అంత దోషమైతే, కల్పించి పంపడం మాటేమిటి?

ఇక వాదం సంగతి. 1992 జనవరిలో ఆండ్రూ టానెన్‌బామ్ అనే ఆచార్యుడు, లినక్స్ నిర్మాణ పద్ధతి కాలం చెల్లినదని రాశారు. ఆయన మినిక్స్ అనే వ్యవస్థను రూపొందించినవారు. లినక్స్‌ను తయారుచేసిన లైనస్ టోర్వాల్డ్స్ అప్పటికి 22 ఏళ్ల విద్యార్థి. ఘాటుగా బదులిచ్చి, వెంటనే తన దురుసుతనానికి క్షమాపణ కోరాడు. ఇంతకూ గెలుపెవరిది? నేడు ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల పనిచేసేది లినక్స్ కెర్నలే. ఇంటెల్ కంపెనీ చిప్‌ల లోపలి నిర్వహణ భాగంలో మినిక్స్ పనిచేస్తోందని 2017లో లోకానికి తెలిసింది. రెండూ నిలిచాయి, రెండూ ఉపయోగపడ్డాయి. అయితే మాట దురుసుతనం మాత్రం టోర్వాల్డ్స్‌ను చాలాకాలం వదలలేదు. 2018 సెప్టెంబర్‌లో ఆయన, తోటివారికి రాసిన కఠినమైన మాటలకు బహిరంగంగా క్షమాపణ చెప్పి, కొంతకాలం పనికి దూరంగా ఉండి తన ప్రవర్తనను సరిదిద్దుకుంటానన్నారు. అంతటి నిపుణుడికి అది చిన్నతనమేమీ కాలేదు.

అబూ ఉమామా (ర) ఉల్లేఖించిన ఒక హదీసు ఈ మొత్తం విషయానికి కొలబద్ద. న్యాయం తన వైపే ఉన్నా వాదులాటను వదులుకున్నవాడికి స్వర్గం అంచున ఒక ఇల్లు, పరిహాసానికైనా అబద్ధమాడనివాడికి స్వర్గం మధ్యన ఒక ఇల్లు, నడవడిని చక్కదిద్దుకున్నవాడికి స్వర్గపు పైభాగాన ఒక ఇల్లు లభిస్తాయని ప్రవక్త (స) హామీ ఇచ్చారు. వాదం, హాస్యం, నడవడి మూడూ ఒకే చోట! తప్పు వాదాన్ని వదులుకోవడం గొప్పేమీ కాదు. మన మాటే నిజమని తెలిసినా, ఎదుటివాడు వినే స్థితిలో లేడని గ్రహించి ఆగిపోవడమే కష్టం. ఏ ఫోన్ మేలన్న తగవు చిలికి చిలికి గాలివానై, ఒకే గదిలో ఉండే ఇద్దరు స్నేహితులు సలాం చెప్పుకోవడం మానేస్తే, ఆ ఫోన్లు తయారుచేసిన కంపెనీలకు పోయేదేమీ లేదు.

మన ఇళ్లలో మరో నవ్వు ఉంది. దాదీ వాయిస్ మెసేజ్ పంపబోయి వీడియో కాల్ నొక్కిందని, అబ్బా తెలుగును తప్పుల తడకగా టైపు చేశారని పిల్లలు నవ్వుతారు. ప్రేమతో నవ్వితే పెద్దలూ కలిసి నవ్వుతారు. ఆ సందేశాన్ని ఫొటో తీసి పదిమందికి పంపితే అది ఎగతాళి. ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దని, ఎగతాళికి గురైనవారే వీరికంటే మేలైనవారు కావచ్చని అదే సూరా 11వ ఆయతు బోధిస్తోంది. ఆ దాదీకి ఫోన్ వాడటం రాకపోవచ్చు. మనకు మాటలు నేర్పినవారు మాత్రం వారే. ఓపికగా పక్కన కూర్చుని మరోసారి చూపించడం పిల్లల కర్తవ్యం.

తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. పిల్లల చేతుల్లోంచి ఫోన్ లాక్కోవడం పరిష్కారం కాదు. వారి చర్చలు మనకు అర్థం కాకపోయినా, వారేం మాట్లాడుకుంటున్నారో అడిగి తెలుసుకోండి. తమాషా సందేశం పంపే ముందు మూడు ప్రశ్నలు వేసుకోమనండి. ఇది నిజమేనా? దీనివల్ల ఎవరైనా భయపడతారా? ఇది ఎవరినైనా చిన్నబుచ్చుతుందా? వాదంలో కోపం వస్తున్నట్లు తోచిన క్షణాన ఫోన్ బోర్లా పెట్టి లేవడం అలవాటు చేయండి. ఇషా నమాజు తర్వాత తెర ముందు వాదించే గంటను చదువుకో, నిద్రకో, అమ్మీకి ఒక ఫోన్ కాల్‌కో కేటాయించమనండి.

లోయర్ ట్యాంక్ బండ్‌కు ఆ పేరు వచ్చింది పైనున్న కట్ట వల్ల. 16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో హుస్సేన్ సాగర్ రూపుదిద్దుకుంది. కట్ట ఉన్నందుకే అది చెరువైంది, లేకుంటే నీరంతా పల్లానికి పోయేది. మన పిల్లల ఉత్సాహానికీ, చమత్కారానికీ సత్యం, దయ అనే కట్టలు వేయడం మన బాధ్యత. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్న మన పెద్దల మాట ఫోన్ తెరకూ వర్తిస్తుంది. అల్లాహ్ మన నవ్వులను నిర్మలం చేయుగాక! మన వాదాలను సత్యం కోసమే పరిమితం చేయుగాక! ఆమీన్.