గిటార్‌కి ఆర్‌సీ ఉండదు

పాత ఆర్‌ఎక్స్ 100 కొనేముందు మనవాళ్లు ఏం చేస్తారు? ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్ చూసి, రెండూ ఆర్‌సీతో కలిశాయా లేదా అని సరిచూసుకుంటారు. కలవకపోతే బండి ఎంత మెరిసినా బేరం అక్కడితో సరి. పాత ఎలక్ట్రిక్ గిటార్ దగ్గర ఆ సౌకర్యం లేదు. ఉండేది ఒక్క నంబర్. ఆర్‌సీ లేదు. ధర మాత్రం కారు ధరంత.

అమెరికాలో చదువుకుంటూనో, ఉద్యోగం చేస్తూనో ఉండి గిటార్ పిచ్చి ఉన్నవాళ్లకి ఫోన్‌లో ఇలాంటి యాడ్స్ తగులుతూనే ఉంటాయి: '1964 ఫెండర్ స్ట్రాటోకాస్టర్, ఆల్ ఒరిజినల్'. 1964కి అంత గిరాకీ ఎందుకంటే, 1965 జనవరిలో ఫెండర్ కంపెనీని సీబీఎస్ కోటీ 30 లక్షల డాలర్లకి కొనేసింది. అంతకుముందు వచ్చినవన్నీ 'ప్రీ-సీబీఎస్'. క్వాలిటీ రాత్రికి రాత్రే పడిపోలేదు లెండి. కానీ మార్కెట్‌కి ఎక్కడో ఒక గీత కావాలి, అక్కడ గీసుకుంది. గీతకి ఇవతల పుట్టిన గిటార్‌ని అవతలికి జరిపితే వేల డాలర్ల లాభం. మోసం పుట్టేది అక్కడే.

ముందు సీరియల్ నంబర్ సంగతి. ఆ రోజుల్లో ఫెండర్ నంబర్‌ని వెనకాల, నెక్ బాడీకి కలిసేచోట ఉండే ఇనుప ప్లేటు మీద కొట్టేవాళ్లు. 'ఎల్' అక్షరంతో మొదలైతే సుమారుగా 1963 నుంచి 65 మధ్యది. బాగానే ఉంది. కానీ ఆ ప్లేటుని పట్టి ఉంచేవి నాలుగే నాలుగు స్క్రూలు. ఒక స్క్రూడ్రైవర్ ఉంటే ఎవరి ప్లేటు ఎవరి గిటార్‌కైనా ఎక్కించొచ్చు. గిబ్సన్ వాళ్లదైతే ఇంకో తలనొప్పి. 1960ల్లో వాళ్లు ఒకే నంబర్‌ని వేర్వేరు ఏళ్లలో మళ్లీ మళ్లీ వాడారు.

అందుకే నంబర్‌ని పక్కన పెట్టి గిటార్ లోపలికి వెళ్లాలి. నేను ఆఫీసులో రోజూ చేసే పని లాగ్ ఫైల్స్ చదవడం. ఎవరు ఏం చెప్పినా సరే, టైమ్‌స్టాంప్ ఏం చెబుతోందో చూస్తాం. పాత గిటార్ కూడా సరిగ్గా అలాంటిదే, పార్టు పార్టుకీ ఓ టైమ్‌స్టాంప్.

ఆ నాలుగు స్క్రూలు విప్పి నెక్‌ని బయటికి తీస్తే, దాని మడమ మీద '2 మే 64బి' లాంటి ముద్ర కనిపిస్తుంది. అందులో 2 అంటే మే నెల రెండో తారీఖు కాదు, స్ట్రాటోకాస్టర్ కోడ్. బి అంటే నెక్ వెడల్పు. తర్వాత ముందువైపు పిక్‌గార్డ్ విప్పండి. వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద పాట్స్ ఉంటాయి. వాటి వీపు మీద 3046412 లాంటి అంకెలు చూడండి. 304 అంటే తయారుచేసిన కంపెనీ స్టాక్‌పోల్ (137 అయితే సీటీఎస్). 64 సంవత్సరం, 12 వారం. అంటే ఆ పాట్ 1964 మార్చిలో తయారైంది. దాన్ని బిగించిన గిటార్ అంతకంటే ముందు ఫ్యాక్టరీ దాటి ఉండదు.

లాజిక్ ఒకవైపే పనిచేస్తుందని గుర్తుంచుకోండి. 1966లో ఫెండర్ పాట్స్‌ని కుప్పలుగా కొని ఏళ్లతరబడి వాడుకుంది. కాబట్టి 1968 గిటార్‌లో 66 పాట్ ఉంటే అనుమానం అక్కర్లేదు. '64' గిటార్‌లో 66 పాట్ ఉందంటే మాత్రం రెండే దారులు: మధ్యలో ఎవరో మార్చారు, లేదా ఆ గిటార్ 64ది కాదు. అప్పుడు సోల్డర్ చూడాలి. పాత సోల్డర్ మసకబారి ఉంటుంది. ఒక్కచోట మాత్రం కొత్త నాణెంలా మెరుస్తుంటే అక్కడ ఎవరో చెయ్యి పెట్టారన్నమాట.

గీతలు, పెచ్చులూడిన పెయింట్ చూసి కరిగిపోవద్దు. 1995 నుంచి ఫెండరే సరికొత్త గిటార్లని కావాలని అరగదీసి 'రెలిక్' పేరుతో అమ్ముతోంది. కంపెనీ చేసే పని ఇంకొకడు గ్యారేజ్‌లో చేయలేడా? పెయింట్‌కి బ్లాక్ లైట్ పరీక్ష మేలు. పాత లక్క పూత ఆ వెలుతురులో పచ్చగా మెరుస్తుంది, మధ్యలో టచప్ చేసినచోటు వేరే రంగులో బయటపడిపోతుంది.

మొత్తం రంగు మళ్లీ వేశారని తేలితే? ధర దాదాపు సగానికి పడిపోతుందని వ్యాపారుల మోటు లెక్క. అద్దాల బీరువాలో పెట్టుకునేవాళ్లకి అది నష్టం. నన్నడిగితే, వాయించేవాడికి అంతకన్నా మంచి బేరం లేదు. అదే చెక్క, అవే పికప్‌లు, సగం ధర. అమ్మేవాడు ఆ సంగతి నోరు విప్పి చెప్పాడా, దాచాడా అన్నదే ముఖ్యం. అదీ భారమైతే జపాన్ వైపు చూడండి. 1982లో మొదలైన ఫెండర్ జపాన్ తొలి గిటార్లు, 'జేవీ' సీరియల్‌వి, పాత అమెరికన్ మోడళ్లని శ్రద్ధగా చూసి చేసినవి. 60ల నాటి అమెరికన్ ధరతో పోలిస్తే చాలా చవక.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాలనుకునేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. 60ల మొదట్లో ఫెండర్ ఫ్రెట్‌బోర్డులకి వాడిన చెక్క బ్రెజిల్ రోజ్‌వుడ్. 1992 నుంచి అది సైటీస్ ఒప్పందంలో అన్నిటికన్నా కఠినమైన జాబితాలో ఉంది. 2019లో మిగతా రోజ్‌వుడ్ వాద్యాలకి సడలింపు ఇచ్చారు కానీ దీనికి ఇవ్వలేదు. పర్మిట్ లేకుండా దేశం దాటిస్తే గిటార్ కస్టమ్స్‌లో ఇరుక్కుంటుంది. కాబట్టి నెక్ ముద్ర, పాట్ కోడ్ ఫొటోలు అడిగేటప్పుడే ఆ కాగితం ఎవరు తెస్తారో కూడా అడిగేయండి. నెక్ విప్పి ఫొటో తీయడం పది నిమిషాల పని. 'విప్పితే సౌండ్ పాడవుతుంది' అనే అమ్మకందారుకి ఓ దణ్ణం పెట్టి తర్వాతి యాడ్‌కి వెళ్లిపోండి.