చక్రాలు బయటికి జరపాలా?

జీపో, ఫోర్ రన్నరో కొన్న మనవాళ్ళు ఆ తర్వాత అడిగే ప్రశ్న: "ఆఫ్‌సెట్ వీల్స్ వేయించమంటారా?" జెర్సీ సిటీ వాళ్ళకి నా సలహా ఒకటే, వద్దు.

ఆఫ్‌సెట్ అంటే చక్రం మధ్యగీతకీ, హబ్బుకి బిగించే చోటుకీ ఉన్న దూరం. రాంగ్లర్ జేకేకి కంపెనీ ఇచ్చేది సుమారు 44 మి.మీ. అదే వెడల్పులో మైనస్ 12 వేస్తే ఒక్కో చక్రం 56 మి.మీ. బయటికొస్తుంది. రెండు పక్కలా కలిపి 112!

లాభాలు లేకపోలేదు. పక్కవాలులో బండి నిలకడగా ఉంటుంది. పెద్ద టైరు వేసి స్టీరింగు పూర్తిగా తిప్పినా లోపల సస్పెన్షన్‌కి రాసుకోదు. పెద్ద టైర్లతో పైన్ బారెన్స్ ఇసుక దారుల్లో తరచూ తిరిగేవాళ్ళకి కొద్దిపాటి మార్పు మంచిదే.

కానీ బిందెని చంకన పెట్టుకోకుండా చెయ్యి చాచి మోస్తే ఏమవుతుంది? బేరింగుల పనీ అంతే, త్వరగా అరుగుతాయి. గుంటలో పడితే స్టీరింగు చేతిని గుంజుతుంది. ఫెండరు దాటిన టైర్లు చలికాలంలో ఉప్పు బురదంతా తలుపుల మీదికి చిమ్ముతాయి.

న్యూవార్క్ ఎవెన్యూలో సరుకులు, హాలండ్ టన్నెల్లోంచి ఆఫీసు, ఇంతేనా మీ తిరుగుడు? అయితే ఆ డబ్బుతో మంచి స్నో టైర్లు కొనుక్కోండి.