నడిసంద్రాన ఏడడుగులు

సికింద్రాబాదుకు ఉత్తర దిశలో ఉన్న మా యాప్రాల్‌కు సముద్రం బహుదూరం. అయినా సముద్ర ప్రసంగాలకు ఇక్కడ కొదవ లేదు. సైన్యంలోనూ నౌకాదళంలోనూ పనిచేసి పదవీ విరమణ పొందినవారు ఎందరో ఈ పరిసరాలలో స్థిరపడ్డారు. ఒకనాడు తరగతిలో గాంధర్వ వివాహం ప్రస్తావనకు రాగా ఒక విద్యార్థిని లేచి, "సార్, ఓడ కెప్టెన్ పెళ్లి చేయిస్తే అది చెల్లుతుంది కదా?" అని అడిగింది. సినిమాలు చూసినవారు తరచుగా నమ్మే మాటే అది. విశాఖపట్నంలో 2023లో అంతర్జాతీయ విహార నౌకల టెర్మినల్ ప్రారంభమైంది. నౌకపై మాంగల్యధారణ చేయాలనే ముచ్చట ఇకమీదట మన ఇళ్లలోనూ వినిపించవచ్చు. కాబట్టి ఆ అమ్మాయి ప్రశ్నను తేలికగా తీసివేయడం తగదు.

నడిసముద్రంలో నౌకకు ఏ దేశపు జెండా ఉంటే ఆ దేశపు చట్టమే వర్తిస్తుంది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ ఒడంబడిక ఈ సూత్రాన్ని స్థిరపరచింది. నౌకాధిపతికి పెళ్లి చేసే అధికారం ఉన్నదా లేదా అన్నది కూడా ఆ జెండాను బట్టే తేలుతుంది. బెర్ముడా, మాల్టా వంటి కొద్ది చోట్ల ఆ అధికారం ఉంది. సుప్రసిద్ధమైన క్యూనార్డ్ సంస్థ తన మూడు మహానౌకలను 2011లో బ్రిటన్ నమోదు నుండి బెర్ముడా నమోదుకు మార్చుకుంది. అందుకు చెప్పిన కారణాలలో నౌకపై వివాహాలు జరిపించడం కూడా ఒకటి. అమెరికా నౌకాదళంలోనైతే కమాండింగ్ అధికారి తన ఓడపై వివాహం జరిపించరాదని నిబంధనలే శాసిస్తున్నాయి.

మన దేశంలో ఏ వివాహ చట్టమూ నౌకాధిపతికి ఇట్టి అధికారాన్ని ఇవ్వలేదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం ముప్పది దినాల ముందు నోటీసు ఇచ్చి, వివాహాధికారి ఎదుట, ముగ్గురు సాక్షుల సమక్షంలో వధూవరులు ప్రమాణం చేయాలి. 1955 నాటి హిందూ వివాహ చట్టమైతే స్థలాన్ని గురించి పట్టుబట్టదు. ఇరువురిలో ఒకరి ఆచారం ప్రకారం విధులు జరిగితే చాలు. సప్తపది ఆ ఆచారంలో భాగమైతే ఏడవ అడుగుతో వివాహం సంపూర్ణమవుతుంది. ఆ అడుగులు అరుగుమీద వేసినా ఓడ పైతట్టు మీద వేసినా ఒక్కటే. 2021 మే నెలలో, కరోనా ఆంక్షల కాలంలో, మధురైకి చెందిన ఒక జంట అద్దె విమానంలో, ఆకాశంలోనే తాళి కట్టించుకున్న వార్త మీలో కొందరికి గుర్తుండవచ్చు.

అయితే చిక్కు స్థలంలో లేదు, సాక్ష్యంలో ఉంది. ఈ మాట మన సాహిత్యంలో ఏనాడో చర్చకు వచ్చింది. నన్నయ భారతంలోని శకుంతలకు ఉంగరం లేదు. అది కాళిదాసు కల్పన. కణ్వాశ్రమంలో ఏకాంతంగా జరిగిన పెళ్లికి మూడవ మనిషి సాక్షి లేడు. నిండు సభలో దుష్యంతుడు "ఎరుగను" అనగానే ఆమె పక్షాన పలకడానికి చివరకు ఆకాశవాణి దిగిరావలసి వచ్చింది. ఆ పిదప రాజు ఒప్పుకున్నది మరింత గమనింపదగినది. తనకు నిజం తెలుసుననీ, లోకం నమ్మదేమోనని అలా పలికాననీ అంటాడు. భర్తకు తెలిసిన పెళ్లి కూడా లోకానికి తెలియకపోతే భార్య పాలిట లేనట్టే అయింది! అందరికీ ఆకాశవాణి దొరకదు గదా.

అలా దొరకనివారి కథ మన వలస చరిత్రలో ఉంది. 1860 అక్టోబరు 12న మదరాసు రేవు విడిచిన 'ట్రూరో' అనే ఓడ నవంబరు 16న నేటి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. నేటాలు చెరకు తోటలకు ఒప్పంద కూలీలను మోసుకువెళ్లిన తొలి ఓడ అదే. 1911 వరకు ఇలా నేటాలుకు వెళ్లినవారు సుమారు 1,52,000 మంది. వారిలో ఎక్కువమంది మదరాసు నుండి ఓడ ఎక్కినవారే, అందులో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. ఫిజీ దీవులకు మదరాసు ఓడలు 1903 నుండి నడిచాయి. ప్రతి నూరుగురు పురుషులకు నలుబదిమంది స్త్రీలు ఉండాలన్నది నాటి ప్రభుత్వ నియమం. ఒంటరి స్త్రీలు, ఒంటరి పురుషులు రేవులోని డిపోలలో రోజుల తరబడి ఎదురుచూసేవారు. కొందరు అక్కడే జంటలయ్యారు. అధికారి ఎదుట ఆ సంబంధం కాగితానికెక్కితే అది పెళ్లి, ఎక్కకపోతే కాదు. ఊరిలో బంధువుల నడుమ, మేళతాళాలతో చేసుకున్న పెళ్లికి మాత్రం చూపడానికి కాగితమే లేదు. ఓడ చిట్టాలో గుమాస్తా రాసిన 'భార్య' అన్న ఒక్క మాటే ఆ స్త్రీకి దిక్కు. ఇంకొక వింత కూడా చెప్పాలి. ఒకే ఓడలో సముద్రం దాటినవారు తమను తోబుట్టువులుగా భావించుకున్నారు. ఉత్తరాదివారు దానిని 'జహాజీ భాయి' వరుస అన్నారు. కొన్నిచోట్ల ఆ కుటుంబాల మధ్య వియ్యానికి కూడా వెనుకాడేవారట. పెళ్లిని నమోదు చేయని ఓడ కొత్త చుట్టరికాన్ని పుట్టించిందన్నమాట.

ఈ కాగితం లేమి ఎంతదాకా పోయిందో 1913లో తెలిసివచ్చింది. బాయి మరియం అనే స్త్రీ భర్తను చేరడానికి ఓడలో దక్షిణాఫ్రికా రాగా, దిగడానికి అనుమతి దొరకలేదు. వ్యవహారం కేప్ న్యాయస్థానానికి వెళ్లింది. బహుభార్యాత్వాన్ని అనుమతించే మతాచారం ప్రకారం జరిగిన వివాహాన్ని అక్కడి చట్టం గుర్తించదని మార్చి 14న న్యాయమూర్తి సెర్ల్ తీర్పు చెప్పాడు. ఒక్క కలంపోటుతో వేలాది గృహిణులు చట్టం దృష్టిలో భార్యలు కాకుండా పోయారు. అంతవరకు ఇల్లు దాటని స్త్రీలు సత్యాగ్రహంలోకి దిగారు. కస్తూర్బా మూడు నెలల కఠిన శిక్ష అనుభవించింది. చివరకు 1914లో వచ్చిన భారతీయుల సహాయ చట్టం ఏకపత్నీ వివాహాలను గుర్తించింది. గాంధీజీ పోరాటంలో తలపన్నును గూర్చి పాఠ్యపుస్తకాలు చెప్పినంతగా ఈ పెళ్లిళ్ల సంగతి చెప్పవు. అది లోటేనని నా అభిప్రాయం.

కాగితమే సర్వస్వమని కూడా అనలేము. విధులేవీ జరపకుండా ధ్రువపత్రం మాత్రం తెచ్చుకుంటే అది హిందూ వివాహం కాజాలదని మన సుప్రీంకోర్టు 2024లో స్పష్టం చేసింది. విదేశీ వీసా కోసం ముందు కాగితం తెచ్చుకుని, పెళ్లి తరువాత చూసుకుందామనుకునేవారు ఈ తీర్పును తప్పక తెలుసుకోవాలి. ఇటు వివాహ నమోదు అవసరమని అదే న్యాయస్థానం 2006లో చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నమోదును తప్పనిసరి చేసే చట్టం 2002లోనే వచ్చింది.

ఓడపై పెళ్లి వద్దని నేననను. వెన్నెలలో, అలల నడుమ ఏడడుగులు వేయాలన్న కోరికను ఆడంబరమని కొట్టివేయడం పెద్దరికం కాదు. కాని విహార నౌక ఇచ్చే అందమైన ముద్రిత పత్రాన్ని వివాహ ధ్రువపత్రంగా భ్రమించడం ప్రమాదం. జెండా ఏదో విచారించాలి. లేదా ఒడ్డున వివాహాధికారి ఎదుట చట్టబద్ధంగా పెళ్లి చేసుకుని, వేడుకను సముద్రం మీద జరుపుకోవాలి. ఆ శ్రద్ధ వరునికంటె వధువు తరఫువారికి ఎక్కువగా ఉండాలి. ఎందుకంటే నిరూపించుకోవలసిన అగత్యం ఎక్కువగా ఆమెకే వస్తుంది. మా యాప్రాల్‌లో ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. జవాను పెళ్లి చేసుకోగానే ఆ వివరం దళంలో 'పార్ట్ టూ ఆర్డర్'గా వెలువడి, అతని సేవా పత్రాలకెక్కాలి. రేపు అతడు లేనినాడు కుటుంబ పింఛను కోసం వెళ్లిన ఇల్లాలి ముందు గుమాస్తా మొదట తిరగేసేది ఆ పుటనే.